ముందు బండి, తర్వాత మ్యాప్

నెబ్రాస్కాలో ఇంటర్‌స్టేట్ 80 మీద స్పీడ్ లిమిట్ గంటకు 75 మైళ్లు. ఓవర్‌డ్రైవ్ లేని 1970ల నాటి ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఆ వేగాన్ని అందుకోలేకపోదు. కానీ టాప్ గేర్‌లో వెయ్యి ఆర్‌పీఎంకు 18 మైళ్ల వేగం మాత్రమే ఇచ్చే బండి అది. 75 దగ్గర ఇంజిన్ నిమిషానికి 4,200 చుట్లు తిరుగుతూ ఉంటుంది. టాప్ మడిచేసి నడుపుతుంటే పక్క సీట్లో మనిషి చెప్పేది వినపడదు. టన్ను బరువున్న ఆ కారును 36 టన్నుల ట్రైలర్ లారీ దాటేటప్పుడు డ్రైవర్ కళ్లకు సరిగ్గా ఎదురుగా ఉండేది లారీ చక్రాల నట్లు. ఇంత అవస్థ పడి ఎనిమిది గంటలు నడిపితే రెండు పక్కలా కనిపించేది మొక్కజొన్న. అమెరికాను ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రం దాకా పాత స్పోర్ట్స్ కారులో దాటాలని ఏళ్ల తరబడి కలగన్నవాళ్లకు ఆ కల చేదెక్కేది చాలాసార్లు ఇలాంటి చోటే. బండి బాగానే ఉంటుంది, దానికి తగని రోడ్డు మీద ఉంటుంది, అంతే.

ఈ ప్రయాణం మీద సలహాలకు కరువు లేదు. ఉన్న చిక్కల్లా అవి రెండు కుప్పలుగా పడి ఉండటమే. ఒక కుప్పలో టూరిజం గైడ్లు: ఏ మలుపు దగ్గర ఫొటో బాగా వస్తుంది, ఏ లోయ అంచున సూర్యాస్తమయం చూడాలి. రెండో కుప్పలో కార్ క్లబ్బుల చిట్కాలు: ఏ హోస్ మార్చాలి, ఏ ఆయిల్ పోయాలి. కొలరాడోలో మొనార్క్ పాస్ ఎత్తు 11,312 అడుగులని మొదటి రకం పుస్తకం చెబుతుంది. అంత ఎత్తులో కార్బ్యురేటర్ ఏం చేస్తుందో రెండో రకం పుస్తకం చెబుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివిన తర్వాతే రూటు గీయాలి. మ్యాప్ ముందేసుకుని చూడాల్సిన చోట్లన్నీ గీతతో కలుపుకుంటూ పోయి, చివర్లో కారుకు సర్వీసింగ్ చేయించడం అనే మామూలు పద్ధతి కొత్త కారుకు సరిపోతుంది. యాభై ఏళ్ల కారుకు వరస తిరగెయ్యాలి.

వేగం సంగతి చరిత్రే తేల్చేసింది. 1903లో హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే వెర్మాంట్ డాక్టరు 50 డాలర్ల పందెం కాసి, సీవెల్ క్రాకర్ అనే మెకానిక్‌ను వెంటబెట్టుకుని వింటన్ కారులో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్‌కు 63 రోజుల్లో వెళ్లాడు. దారిలో కొనుక్కున్న బడ్ అనే కుక్క కూడా గాగుల్స్ పెట్టుకుని చివరిదాకా వచ్చింది. 1909లో 22 ఏళ్ల ఆలిస్ రామ్సే, డ్రైవింగ్ రాని ముగ్గురు ఆడవాళ్లను ఎక్కించుకుని మాక్స్‌వెల్ కారులో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 59 రోజుల్లో చేరింది. 1919లో సైన్యం నడిపిన మోటారు కాన్వాయ్‌కు అదే దేశం దాటడానికి 62 రోజులు పట్టింది. అందులో వెళ్లిన డ్వైట్ ఐసెన్‌హోవర్ అనే యువ అధికారి ప్రెసిడెంటయ్యాక 1956లో ఇంటర్‌స్టేట్ హైవేల చట్టం మీద సంతకం పెట్టాడు. 1971 నవంబరులో రేసర్ డాన్ గర్నీ, పత్రికా రచయిత బ్రాక్ యేట్స్ ఫెరారీ డేటోనాలో న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్ దగ్గరి రెడోండో బీచ్‌కు 35 గంటల 54 నిమిషాల్లో వెళ్లిపోయారు. దారి పొడవునా వాళ్లు ఏం చూసి ఉంటారన్నది వేరే ప్రశ్న.

చూడ్డానికి వెళ్లేవాళ్ల లెక్క ఈ రెండు కొసల మధ్య ఉంటుంది. పక్క దారులు కలుపుకుంటే ప్రయాణం సుమారు 4,000 మైళ్లు. చిన్న రోడ్ల మీద పాత కారుకు రోజుకు 250 మైళ్లు న్యాయమైన దూరం. బంకులు, భోజనం, బానెట్ ఎత్తి చూసుకోవడం అన్నీ కలిపితే ఉదయం ఎనిమిదికి మొదలైన రోజు సాయంత్రం నాలుగు దాటుతుంది. అంటే డ్రైవింగ్‌కే 16 రోజులు. వారానికో రోజు బండికీ మనిషికీ విశ్రాంతి, రిపేరు కోసం చేతిలో రెండు రోజులు. మూడు వారాల సెలవు లేనివాళ్లు దేశం మొత్తం దాటే ఆలోచన మానుకుని, కారును ట్రక్కు మీద డెన్వర్‌కు పంపి, విమానంలో వెళ్లి అక్కణ్నుంచి పడమటి సగం మాత్రం నడపడం మేలు. కార్ క్లబ్బుల్లో దీన్ని నామోషీగా చూసేవాళ్లున్నారు. నామోషీ పడాల్సిన పనేమీ లేదు. ఇండియానా, ఇల్లినాయ్ పొలాల మధ్య తిన్నగా సాగే వంద మైళ్ల రోడ్డు స్పోర్ట్స్ కారుకూ ఒకటే, మినీవ్యాన్‌కూ ఒకటే.

ఇక రోడ్లు. ముందుగా అందరి నోటా వినిపించేది రూట్ 66. 1926లో పుట్టి, 1985లో అధికారికంగా రద్దయిన 2,448 మైళ్ల దారి. 1960 నుంచి 1964 దాకా దాని పేరుతోనే వచ్చిన టీవీ సీరియల్‌లో ఇద్దరు కుర్రాళ్లు కార్వెట్‌లో ఊళ్లు తిరుగుతారు. స్పోర్ట్స్ కారుకూ ఈ రోడ్డుకూ ముడి అక్కడే పడింది. అయితే ఇది షికాగోలో మొదలవుతుంది. అట్లాంటిక్ దాకా రాదు కాబట్టి దేశం దాటే దారి కానే కాదు. మిగిలి ఉన్నది ముక్కలు ముక్కలుగా ఉంది, ముక్కకూ ముక్కకూ మధ్య మళ్లీ ఇంటర్‌స్టేటే గతి. అరిజోనాలో సెలిగ్‌మన్ నుంచి కింగ్‌మన్ మీదుగా ఓట్‌మన్ వరకు ఉన్న భాగం మాత్రం నిజంగా బాగుంటుంది. ఓట్‌మన్ ఘాట్ రోడ్డు మలుపులు చిన్న కారు కోసమే వేసినట్టుంటాయి. జూలైలో అయితే ఆ తర్వాత వచ్చే మొహావీ ఎడారిలో ఏసీ లేని కారు పొయ్యి మీద పెట్టిన పెనం. వేసవిలో ఈ దారికున్న పేరు దాని స్థాయికి మించినది. అక్టోబరులో వెళ్తే ఆ పేరు సార్థకమే.

లింకన్ హైవే దానికన్నా పాతది. 1913లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో లింకన్ పార్క్ దాకా సముద్రం నుంచి సముద్రానికి గుర్తించిన మొదటి దారి అదే, అప్పట్లో 3,389 మైళ్లు. ఇప్పుడది తూర్పున ఎక్కువ భాగం యూఎస్ 30గా, నెవాడాలో చాలావరకు యూఎస్ 50గా ఉంది. తెలుగువాళ్లకు ఈ దారిలో ఒక అదనపు సౌకర్యం కూడా ఉంది. పిట్స్‌బర్గ్ శివారు పెన్ హిల్స్‌లో 1970ల నాటి వేంకటేశ్వరాలయం, షికాగో దగ్గర అరోరాలో బాలాజీ గుడి, రెండూ ఈ దారికి దగ్గర్లోనే. మొదటి వారంలోనే బర్గర్లతో మొహం మొత్తినవాళ్లకు గుడి క్యాంటీన్లో పులిహోర, పెరుగన్నం దొరికే రెండు మజిలీలు ఏ టూరిస్టు గైడూ చెప్పదు.

యూఎస్ 20 బోస్టన్ నుంచి ఓరెగాన్‌లోని న్యూపోర్ట్ దాకా 3,365 మైళ్లు. అమెరికాలో అన్నిటికన్నా పొడవైన రోడ్డు. నెబ్రాస్కాలో ఇంటర్‌స్టేట్‌కు వంద మైళ్లకు పైగా ఉత్తరాన శాండ్‌హిల్స్ అనే గడ్డి దిబ్బల మీదుగా పోతుంది. మొదటి పేరాలో చెప్పిన రాష్ట్రమే అది, చూస్తే ఇంకో దేశంలా ఉంటుంది. రోడ్డు మీద ట్రాఫిక్ లేదు, 60 మైళ్ల వేగానికి ఇంజిన్ హాయిగా ఉంటుంది. అక్కణ్నుంచి ఎల్లోస్టోన్ చేరువ. కాస్త పక్కకు జరిగితే 10,947 అడుగులకు ఎక్కే బేర్‌టూత్ హైవే. చల్లని వాతావరణం, తక్కువ జనం, చుట్టూ పచ్చదనం కోరుకునేవాళ్లకు దీన్ని మించింది లేదు. యూఎస్ 6 ఒకప్పుడు కేప్ కాడ్ కొసనున్న ప్రావిన్స్‌టౌన్ నుంచి కాలిఫోర్నియా లాంగ్ బీచ్ దాకా ఉండేది. 1964లో కత్తిరించాక బిషప్ అనే చిన్న ఊళ్లో ఆగిపోయింది. పేరున్నంత అనుభవం లేదు అందులో.

యూఎస్ 50 దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆగాలి. మేరీల్యాండ్‌లో సముద్రపు ఒడ్డున ఓషన్ సిటీలో మొదలై శాక్రమెంటో పక్కన ముగిసే ఈ 3,000 మైళ్ల దారిని 1986లో లైఫ్ పత్రిక నెవాడా భాగం వరకు అమెరికాలోనే అతి ఒంటరి రోడ్డుగా వర్ణించింది. ఈలీ నుంచి ఫర్న్‌లీ దాకా 287 మైళ్లలో చూడ్డానికేమీ లేదనీ, బతికి బయటపడే నేర్పు ఉంటే తప్ప వెళ్లొద్దనీ ఒక సలహాదారు మాటగా రాసింది. తిట్టిన మాటనే నెవాడా బోర్డుల మీద రాయించుకుంది. ఊరూరా ముద్ర వేయించుకునే చిన్న పుస్తకం తయారుచేసి టూరిస్టులకు పంచింది. ఫాలన్, ఆస్టిన్, యురేకా, ఈలీ. ఆస్టిన్ నుంచి యురేకా 70 మైళ్లు, యురేకా నుంచి ఈలీ 77. ఫాలన్ నుంచి ఆస్టిన్ సుమారు 110. రోడ్డు తిన్నగా లోయలోకి దిగి, అడ్డంగా పరుచుకున్న ఉప్పు మైదానం దాటి, ఎదురుగా ఉన్న కొండ వరసను ఆరేడు వేల అడుగుల దగ్గర దాటి, మళ్లీ అలాంటి లోయలోకే దిగుతుంది. ఇలా పదే పదే. ఎదురొచ్చే కారు ఐదారు మైళ్ల దూరం నుంచే కనిపిస్తుంది.

పాత కారుకు ఇది అనువైన రోడ్డా, ప్రమాదమా? రెండూ. పెద్ద లారీలు ఉత్తరాన ఇంటర్‌స్టేట్ 80 మీద పోతాయి కాబట్టి ఇక్కడ బండిని దానికి నచ్చిన 55, 60 వేగంలో వదిలేయొచ్చు, వెనక నుంచి ఎవరూ తరమరు. ఫోన్ సిగ్నల్ మాత్రం మైళ్లకు మైళ్లు ఉండదు. ట్యాంకు నిండుగా ఉంటే 250 మైళ్లు పోయే ఎంజీబీకి కాగితం మీద అంతా సులువే. అయితే ఆ కాలపు పెట్రోలు ముల్లును నమ్మి లెక్కలు వేయకూడదు, ట్రిప్ మీటరును నమ్మాలి. సగం ట్యాంకు కాగానే దొరికిన బంకులో నింపుకోవడం ఇక్కడి నియమం. ఇంతకన్నా కఠినమైన చోటు యూటాలో ఉంది. యూఎస్ 50, ఇంటర్‌స్టేట్ 70 కలిసిపోయే గ్రీన్ రివర్ - సలైనా మధ్య నూరు మైళ్లకు పైగా బంకు గానీ హోటల్ గానీ లేవు. ఎర్ర రాతి గుట్టల మధ్య పైకెక్కుతూ పోయే దారి అది. కళ్లకు పండగ, రేడియేటర్‌కు పరీక్ష.

తూర్పున ఇలాంటి రోడ్లు లేవనుకోకూడదు. వర్జీనియాలో 105 మైళ్ల స్కైలైన్ డ్రైవ్, దాని కొసకు అతుక్కుని నార్త్ కరోలినా దాకా 469 మైళ్ల బ్లూ రిడ్జ్ పార్క్‌వే. 1935లో పని మొదలై 1987లో చివరి ముక్క పూర్తయిన ఈ పార్క్‌వే మీద సరకు లారీలు నిషేధం, గరిష్ఠ వేగం 45 మైళ్లు. ఎంజీబీ లాంటి కార్లు పుట్టింది సరిగ్గా ఈ వేగానికే. టాప్ గేర్‌లో 2,500 ఆర్‌పీఎం దగ్గర మలుపు వెనక మలుపు తిప్పుకుంటూ రోజంతా పోవచ్చు. పార్క్‌వే మీద పెట్రోలు బంకులు లేవు, కిందికి దిగి పోయించుకుని మళ్లీ ఎక్కాలి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను నార్త్ కరోలినా వైపు రోడ్డును చాలాచోట్ల కోసేసింది. మరమ్మతులు దశలవారీగా సాగుతున్నందున బయల్దేరే వారంలో ఏ భాగం తెరిచి ఉందో నేషనల్ పార్క్ సర్వీస్ సమాచారం చూసుకోక తప్పదు. పసిఫిక్ ఒడ్డున హైవే 1దీ ఇదే కథ. 2017లో మడ్ క్రీక్ దగ్గర కొండచరియ రోడ్డును మింగేస్తే ఏడాదికి పైగా దారి లేదు. 2023 తర్వాత వరసగా విరిగిపడ్డ చరియలు అక్కడి బిగ్ సర్ తీరాన్ని మళ్లీ ఏళ్ల తరబడి రెండుగా విడగొట్టాయి. ప్రయాణం ముగింపును ఆ దారిలోని బిక్స్‌బీ వంతెన మీద పెట్టుకునేవాళ్లు రెండో ముగింపు కూడా సిద్ధం చేసుకోవాలి.

ఎత్తు సంగతికొస్తే, ఇక్కడే కారు మ్యాప్‌ను శాసిస్తుంది. ప్రతి వెయ్యి అడుగులకూ గాలి పలచబడి మామూలు ఇంజిన్ తన శక్తిలో దాదాపు 3 శాతం కోల్పోతుంది. 95 గుర్రాల ఎంజీబీ మొనార్క్ పాస్ మీద 65 గుర్రాలకు దిగిపోతుంది, అదీ ట్యూనింగ్ సరిగ్గా ఉంటే. గాలి తగ్గినా కార్బ్యురేటర్ పోసే పెట్రోలు ఆ మేరకు తగ్గదు. మిక్స్చర్ రిచ్ అయిపోయి ప్లగ్గులకు నల్లటి మసి పడుతుంది, బండి మిస్ కొడుతుంది. ఇంజెక్షన్ కారులో ఈ సర్దుబాటు కంప్యూటర్ చూసుకుంటుంది. ఎస్‌యూ కార్బ్యురేటర్ ఉన్న కారులో మనిషే దిగి, బానెట్ ఎత్తి, జెట్ కింద ఉన్న ఆరు పలకల నట్టును ఒకటో రెండో పలకలు పైకి తిప్పి, పెట్రోలు తగ్గించి మిక్స్చర్ లీన్ చేసుకోవాలి. ఎన్ని పలకలు తిప్పిందీ రాసి పెట్టుకోవాలి, లేకపోతే కొండ దిగాక లీన్‌గానే నడిచి ఇంజిన్ వేడెక్కుతుంది. కార్బ్యురేటర్లు రెండుంటే రెండింటికీ ఒకే లెక్క తప్పకూడదు.

ఈ పని తెలుగు నేల మీద పాత మెకానిక్‌లకు కొత్త కాదు. అంబాసిడర్ పెట్రోలు కారులో దశాబ్దాల పాటు ఉన్న 1,489 సీసీ ఇంజిన్, ఎంజీబీలోని 1,798 సీసీ ఇంజిన్ ఒకే కుటుంబానివి. బీఎంసీ కంపెనీ బీ-సిరీస్. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ బానెట్ కింద తల దూర్చి పెరిగినవాడికి ఎంజీబీ బానెట్ ఎత్తగానే చుట్టాన్ని చూసినట్టుంటుంది. ఆ ఇంజిన్‌కు కార్బ్యురేటర్లు, సైలెన్సర్ మానిఫోల్డ్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. ఎండలో కొండెక్కి, వ్యూ పాయింట్ దగ్గర ఆపి, పది నిమిషాలు ఫొటోలు తీసుకుని వచ్చి సెల్ఫ్ కొడితే బండి స్టార్ట్ కాకపోవడానికి కారణం అదే. కింది నుంచి ఎగదన్నిన వేడికి కార్బ్యురేటర్లో పెట్రోలు మరిగి వేపర్ లాక్ అవుతుంది. అమెరికా బంకుల్లో దొరికే పెట్రోలులో సాధారణంగా 10 శాతం ఇథనాల్ ఉండటం దీన్ని ఇంకాస్త పెంచుతుంది. పాత రబ్బరు పైపులనూ అది తినేస్తుంది. ఆపగానే బానెట్ తెరిచి పెట్టడం, గాలికి ఎదురుగా ముక్కు ఉండేలా నిలపడం చిన్న ఉపాయాలే అయినా పని చేస్తాయి. కొండ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతకు చేరుతుంటే హీటర్ పూర్తిగా తెరవడం ఇంకో ఉపాయం. ఇంజిన్ వేడిలో కొంత కాళ్ల మీదకు వస్తుంది. బయట 40 డిగ్రీల ఎండలో హీటర్ వేసుకుని కూర్చోవడం పాత కార్లవాళ్ల తపస్సు.

కొండ రాష్ట్రాల్లో మామూలు పెట్రోలు 85 ఆక్టేన్‌తో అమ్ముతారు. ఎత్తులో కార్బ్యురేటర్ ఇంజిన్‌కు అది సరిపోతుంది కాబట్టే ఆ అలవాటు మొదలైంది. తీరా ట్యాంకు నింపుకుని మైదానానికి దిగితే కంప్రెషన్ ఎక్కువున్న ఇంజిన్ టకటకమని కొట్టుకుంటుంది. దిగే రోజున 91 పోయించుకోవాలి. దిగేటప్పుడు ఇంకో జాగ్రత్త బ్రేక్ ఆయిల్. ఏళ్ల తరబడి మార్చని ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది, పొడుగాటి ఘాట్‌లో అది మరిగితే పెడల్ నేలకు అంటుతుంది. దీన్ని బయల్దేరే ముందు మార్చకుండా వెళ్లేవాళ్లకు అందమైన రోడ్ల గురించి చెప్పాల్సిందేమీ లేదు.

కాలం విషయంలో పెద్దగా ఎంపిక లేదు. బేర్‌టూత్ సాధారణంగా మే చివర్లో తెరుచుకుంటుంది. మోంటానాలోని గోయింగ్ టు ద సన్ రోడ్డు పూర్తిగా తెరుచుకునేసరికి జూన్ చివర, కొన్నేళ్లు జూలై. మే, జూన్ నెలల్లో మైదాన రాష్ట్రాల్లో నిమ్మకాయంత వడగళ్లు పడతాయి, బట్ట టాప్ వాటికి ఆగదు. జూలై, ఆగస్టుల్లో నైరుతి ఎడారుల్లో మధ్యాహ్నపు ఉరుముల వాన, పార్కుల్లో జనం. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే. అది దాటిన మూడు వారాలు ఈ ప్రయాణానికి అన్నిటికన్నా మంచి రోజులు. బడులు తెరిచేస్తారు, హోటళ్లు ఖాళీ అవుతాయి, కొండ దారులు ఇంకా తెరిచే ఉంటాయి. కొన్ని పార్కులు లోపలికి వెళ్లే సమయాన్ని ముందే బుక్ చేసుకోమంటాయి. ఈ నిబంధన ఏటేటా మారుతుంది, నిరుటి అనుభవం చెప్పేవాళ్ల మాట వినకూడదు.

ఏ కారు? ఇల్లు, కుటుంబం ఉన్న మనుషులు మాటా మాటా పెంచుకునే ప్రశ్న ఇది. 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారైన ఎంజీబీకి ఉన్న బలం దాని సాదాతనం. విడిభాగాలు కాలిఫోర్నియాలోని మాస్ మోటార్స్ లాంటి చోట్ల నుంచి కొరియర్‌లో వస్తాయి, కొరియన్ కారు భాగాల కన్నా త్వరగా దొరికే సందర్భాలూ ఉన్నాయి. ఓవర్‌డ్రైవ్ ఉన్నది దొరికితే కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు, టాప్‌లో వెయ్యి ఆర్‌పీఎంకు 22 మైళ్లు వస్తాయి. ట్రయంఫ్ టీఆర్6లో ఆరు సిలిండర్ల ఇంజిన్ కొండెక్కడానికి హాయి. జాగ్వార్ ఈ-టైప్ అందానికి సాటి లేదు గానీ ట్రాఫిక్‌లో, ఎండలో వేడెక్కే గుణం ఉంది, దారిలో దాని మీద చెయ్యి వేసే మెకానిక్ దొరకడం కష్టం. 1970ల మొదట్లో వచ్చిన డాట్సన్ 240జెడ్ గట్టి బండి. టాప్ తెరిచేది కాదన్నది ఒక్కటే లోటు, మైదానాల్లో వడగళ్లు పడేటప్పుడు అది లోటులా అనిపించదు. గాలితో చల్లబడే పాత పోర్షే 911కు రేడియేటర్ బెడదే లేదు, ధరే బెడద.

ఇక మాజ్దా మియాటా. 1989లో షికాగో ఆటో షోలో బయటికొచ్చింది. ఎంజీబీ కాలపు ఆనందాన్ని ఇంజెక్షన్, ఏసీలతో కలిపి ఇచ్చింది. పది లక్షలకు పైగా తయారైంది. మొదటి తరం మియాటాలకు ఇప్పుడు మూడున్నర దశాబ్దాల వయసు. అది క్లాసిక్కే కాదని పట్టుబట్టేవాళ్లు ఉన్నారు. మొదటిసారి దేశం దాటేవాళ్లకు, స్పానర్ పట్టడం రానివాళ్లకు, పక్కన అమ్మనో నాన్ననో కూర్చోబెట్టుకుని వెళ్లేవాళ్లకు ఇంతకన్నా మంచి సలహా లేదు. రెండోసారి కార్బ్యురేటర్‌తో వెళ్లొచ్చు.

ఏ బండైనా, కొన్న వారానికే దేశం దాటించడం తెలివైన పని కాదు. ముందు ఇంటి చుట్టుపక్కల ఐదారు వందల మైళ్లు నడిపి దాని రోగాలు బయటపడనివ్వాలి. టైర్ల మీద నాలుగంకెల తేదీ కోడ్ ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. గాడులు కొత్తగా ఉన్నా పదేళ్లు దాటిన టైరు మార్చాల్సిందే. డిక్కీలో ఫ్యాన్ బెల్టు, హోసులు, పాయింట్లు, కండెన్సర్, రోటర్, కాయిల్, క్లచ్ సిలిండర్ కిట్, ఫ్యూజులు ఉండాలి. స్పానర్లు అంగుళాల కొలతవి, మెట్రిక్ సెట్టు ఎంజీబీకి పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యంగా ఒక ఎస్‌యూ పెట్రోలు పంపు. తాళం తిప్పగానే వెనక నుంచి టిక్ టిక్‌మని వినపడేది అదే. ఆ చప్పుడు ఆగిపోతే లోపలి పాయింట్లు అంటుకుపోయాయని అర్థం. కారు వెనక కిందికి వంగి స్పానర్‌తో దాన్ని మెల్లగా రెండు దెబ్బలు కొడితే చాలాసార్లు మళ్లీ టిక్‌మంటుంది. అలా తట్టుకుంటూ తర్వాతి ఊరు చేరి కొత్తది బిగించుకున్నవాళ్లు ఎందరో. కరెంటు పని మీద ఇంత భయం ఉండబట్టే ఆ కార్లకు వైరింగ్ ఇచ్చిన లూకాస్ కంపెనీకి అమెరికాలో 'చీకటి రాకుమారుడు' అని ఎగతాళి పేరు పడింది. రాత్రి డ్రైవింగ్ పెట్టుకోకపోవడం దానికి సులువైన విరుగుడు. పైగా చీకట్లో చూసేదేముంది?

కాగితాల సంగతి చాలామంది ఆఖరు నిమిషానికి వదిలేస్తారు. పాత కార్లకు చవగ్గా ఇచ్చే హిస్టారిక్ నంబర్ ప్లేటు మీద కొన్ని రాష్ట్రాల్లో ఆంక్షలుంటాయి. ప్రదర్శనలకూ పెరేడ్లకూ సర్వీసింగ్‌కూ తప్ప తిరగకూడదు. కలెక్టర్ కారు ఇన్సూరెన్సులో ముందే ఒప్పుకున్న విలువ మొత్తం ఇస్తారు కాబట్టి అది మంచిదే. అయితే ఏడాదికి ఇన్ని మైళ్లు, రాత్రి తాళం వేసిన గ్యారేజీలో ఉంచాలి అనే షరతులు చదవాలి. మోటెల్ పార్కింగ్‌లో గడిపే రాత్రులకు అవి వర్తిస్తాయో లేదో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. టోయింగ్ పథకంలో ఐదు మైళ్లు లాగేది వేరు, వంద మైళ్లు లాగేది వేరు. ఆస్టిన్‌కూ యురేకాకూ మధ్య ఆగిపోయినవాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఏ దిక్కుకు వెళ్లాలి? పాటలూ సినిమాలూ పడమటికే పొమ్మంటాయి. అలా వెళ్తే రోజూ మధ్యాహ్నం నుంచి సూర్యుడు కళ్లలో ఉంటాడు, అద్దం చిన్నగా ఉన్న కారులో అది అలసటే. తూర్పుకు వస్తే పొద్దుటి రెండు గంటలే ఆ బాధ, ఎక్కువ రోజులు గాలి కూడా వెనక నుంచే తోస్తుంది. తుప్పు తక్కువగా ఉండే కాలిఫోర్నియా కారు కొని, దాన్ని న్యూజెర్సీకో డాలస్‌కో ఇంటికి తెచ్చుకునేవాళ్లకు ఈ దిక్కు ఖర్చు కూడా ఆదా చేస్తుంది. తిరిగి అదే రోడ్డు మీద నడుపుకుంటూ రావాలని బయల్దేరేముందు అనుకునేవాళ్లు ఎక్కువ, చేసేవాళ్లు తక్కువ. కాబట్టి ట్రక్కు ముందే మాట్లాడుకోవాలి. మూసిన ట్రైలర్‌కు తెరిచినదాని కన్నా బాగా ఎక్కువ అడుగుతారు. ట్యాంకు పావు భాగం ఉంచి, బ్యాగులన్నీ తీసేసి, నాలుగు వైపులా ఫొటోలు తీసి అప్పగించాలి. చోక్ ఎంత లాగాలో, రివర్స్ గేరు ఎక్కడుందో, బ్యాటరీ స్విచ్ ఏ మూల ఉందో కాగితం మీద రాసి స్టీరింగ్‌కు అంటించడం మరిచిపోకూడదు. ఆ ట్రక్కు నడిపే కుర్రాళ్లలో చోక్ అనేదాన్ని చూసినవాళ్లు ఇప్పుడు బాగా తక్కువ.